గ్రీన్‌రూమ్ గుమ్మం దగ్గర సెకన్ల లెక్క

ఒక సంగీత విభావరికి ఇరవై వేల మంది వచ్చారనుకుందాం. పాటలు అయిపోయాయి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ గాయకుణ్ణి దగ్గరగా చూసి, ఒక మాట చెప్పి, ఫొటో దిగి వెళ్లాలని ఉంది. మనిషికి 5 సెకన్లు చాలనుకున్నా మొత్తం లక్ష సెకన్లు కావాలి. అంటే 27 గంటల 46 నిమిషాలు. రాత్రి పదిన్నరకు వరుస మొదలైతే ఆ రాత్రి గడిచి, మర్నాడంతా గడిచి, ఆ తర్వాతి తెల్లవారుజామున రెండుంపావుకు గానీ చివరి అభిమాని వంతు రాదు. అంతసేపూ గాయకుడు మంచినీళ్లు తాగకూడదు, కుర్చీలో కూర్చోకూడదు, ఎవరితోనూ ఆరో సెకను మాట్లాడకూడదు.

గ్రీన్‌రూమ్ తలుపు దగ్గర చేతులు అడ్డం పెట్టి నిలబడే మనిషి మీద మనకు వచ్చే కోపం ఈ లెక్క చూశాక కొంత తగ్గాలి. అతను మనకు అడ్డం రావడం లేదు, భాగహారం చేస్తున్నాడు.

మా ఇబ్రహీంపట్నం రింగు సెంటర్ నుంచి బెజవాడ సుమారు 16 కిలోమీటర్లు. సినిమా పాటల రాత్రి అయినా, త్యాగరాజ కృతుల కచేరీ అయినా మావాళ్లు బస్సెక్కి అటే వెళ్తారు. వెళ్లిన ప్రతివాళ్లకూ మనసులో ఒక మూల ఆశ ఉంటుంది: కచేరీ అయ్యాక ఆయన్ని ఒక్కసారి కలవగలమా? టికెట్ ధర పెరిగేకొద్దీ కళాకారుడికి దగ్గరవుతామని అందరి నమ్మకం. నిమిషాలు, రూపాయలు పక్కపక్కన పెట్టి చూస్తే అది చాలావరకు తలకిందులు. ఈ కథనమంతా ఆ తలకిందుల లెక్కే.

పెద్ద వేదిక

2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో తలసీమియా బాధితుల సాయం కోసం ఎన్టీఆర్ ట్రస్ట్ ‘యుఫోరియా’ పేరుతో సంగీత విభావరి జరిపింది. సంగీత దర్శకుడు తమన్ తన బృందంతో వచ్చాడు. ముఖ్యమంత్రి, ఉప ముఖ్యమంత్రి కూడా హాజరైన సభ అది. ఇంతటి కార్యక్రమంలో వేదిక వెనుక ఉండేది ఒక్క గది కాదు. వాద్యకారులు, సౌండ్ మనుషులు, లైటింగ్ మనుషులు, డాన్సర్లు, భద్రతా సిబ్బంది, వైర్లు, జనరేటర్లు, భోజనాల బల్లలు, వీటన్నిటితో అది ఒక చిన్న పేటలా ఉంటుంది. అభిమాని కలలో కనిపించే పూలు, అద్దాలు, సోఫా ఉన్న గది ఆ పేటలో ఏదో ఒక మూల ఉంటుంది. దాని దగ్గరికి వెళ్లాలంటే మూడు నాలుగు చోట్ల పాస్ చూపాలి.

పెద్ద పర్యటనల్లో ఈ పాస్‌లు ప్రధానంగా రెండు రకాలు. పర్యటన మొత్తం వెంట ఉండే సిబ్బందికి ప్లాస్టిక్ పూత వేసిన కార్డు ఇస్తారు, అది మెడలో వేలాడుతుంది. ఆ ఒక్క రాత్రికి వచ్చే అతిథులకు బట్ట మీద అచ్చేసిన స్టిక్కర్ ఇస్తారు, చొక్కాకు అంటించుకోవాలి. ఊరు మారితే దాని రంగో, ఆకారమో మారుతుంది. నిన్నటి స్టిక్కర్‌తో ఇవాళ లోపలికి దూరేవాళ్లను ఆపడానికి అదొక్కటే సులువైన ఉపాయం. మన దగ్గర ఈ రెండూ కాక మూడో రకం ఉంది, దానికి కాగితం అక్కర్లేదు. “ఎమ్మెల్యేగారి తాలూకు”, “స్పాన్సర్‌గారి బావమరిది” అంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. డబ్బు పెట్టి పాస్ కొన్నవాడి సెకన్లు కరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

అయినా కొన్నామనే అనుకుందాం. కళాకారుణ్ణి కలిసే వీలు కూడా ఉన్న టికెట్ ధర 5,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 900. మొత్తం 5,900. వెనుక వరుసలో 60 మంది ఉన్నారు, కళాకారుడు ఇచ్చింది 15 నిమిషాలు. తలకు 15 సెకన్లు. సెకనుకు 393 రూపాయలు పడింది. ఆ పదిహేనులో వరుస ముందుకు జరగడానికి మూడు, ఫోన్ తాళం తీయడానికి నాలుగు, ఎవరి చేతికో ఇచ్చి “ఇక్కడ నొక్కండి” అని చెప్పడానికి మూడు పోతే మిగిలేది అయిదు. పైన ఇరవై వేల మందికి ఉచితంగా పంచిన అయిదు సెకన్లే ఇవీ.

సెకన్లను ఇలా తూచి అమ్మడం మనవాళ్లు కనిపెట్టింది కాదు. జపాన్‌లో ఏకేబీ48 అనే గాయనీమణుల బృందం 2005 డిసెంబర్ 8న టోక్యోలోని అకిహబరాలో 250 మంది పట్టే చిన్న థియేటర్లో మొదలైంది. “వెళ్లి కలవగలిగిన తారలు” అన్నదే వాళ్ల ప్రచారం. తర్వాత సీడీల్లో కరచాలనం టికెట్లు పెట్టారు. ఒక టికెట్‌కు కొన్ని సెకన్లు. ఎక్కువసేపు కావాలంటే ఎక్కువ సీడీలు కొనాలి, జనం అలాగే పెట్టెలకొద్దీ కొన్నారు. అభిమాని పక్కనే ఒక ఉద్యోగి నిలబడేవాడు. సమయం కాగానే భుజం పట్టి మెల్లిగా పక్కకు జరపడమే అతని ఉద్యోగం. 2014 మే 25న ఇవాతెలో జరిగిన ఇలాంటి కార్యక్రమంలోనే ఒకడు రంపంతో దాడి చేసి ఇద్దరు గాయనులను, ఒక ఉద్యోగిని గాయపరిచాడు. మెటల్ డిటెక్టర్లు, సంచుల తనిఖీ ఆ తర్వాత వచ్చాయి. దూరం తగ్గించి అమ్మిన చోటే మళ్లీ కంచె కట్టుకోవలసి వచ్చింది.

అమెరికాలో మనవాళ్ల పద్ధతి ఇంకొకటి. 1977లో మొదలైన అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా రెండేళ్లకోసారి మహాసభలు జరుపుతుంది. 2025 జూలై 3 నుంచి 5 వరకు మిషిగన్‌లోని నోవైలో జరిగింది 24వది. అలాంటి సభల్లో మొదటి సాయంత్రం దాతలకు విందు ఉంటుంది. విరాళం హోదాను బట్టి బల్ల, బల్లను బట్టి వేదికకు దూరం. అక్కడ పాస్ అనే మాట వినిపించదు గానీ లెక్క మాత్రం అదే.

అయిదు వందల గీత

టికెట్ సంగతి వచ్చింది కాబట్టి, చాలామంది గమనించని ఒక గీత గురించి చెప్పాలి. సంగీత కచేరీకి ప్రవేశ రుసుం మనిషికి 500 రూపాయలు, అంతకు లోపు ఉంటే దాని మీద జీఎస్టీ లేదు. ఒక్క రూపాయి దాటి 501 అయిందంటే మొత్తం మీద 18 శాతం పడుతుంది, జేబులోంచి 591 పోతుంది. చివరి రూపాయి ఖరీదు 91 రూపాయలన్నమాట. టికెట్లు 499 దగ్గర ఆగడానికి కారణం ఒక్క బాటా చెప్పుల ధర అలవాటే కాదు, ఈ గీత కూడా.

కళాకారుడి వైపు నుంచి చూసినా ఇలాంటిదే ఒక గీత ఉంది. శాస్త్రీయ సంగీతం, నాట్యం, నాటకం, జానపద కళలు ప్రదర్శించేవాళ్లు ఒక ప్రదర్శనకు తీసుకునే పారితోషికం లక్షన్నర లోపు ఉంటే ఆ సేవకు జీఎస్టీ మినహాయింపు. సినిమా పాటల విభావరికి ఈ మినహాయింపు లేదు. అంటే పన్నుల చట్టం కూడా కచేరీలను రెండు జాతులుగా చూస్తోంది: పెద్ద టికెట్టు, పెద్ద పారితోషికం, పెద్ద గుంపు ఒకటి, చిన్న టికెట్టు లేదా ఉచితం, చిన్న పారితోషికం, చిన్న గుంపు ఇంకొకటి. వేదిక వెనుక తలుపు ఏ జాతిలో తెరిచి ఉంటుందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

గొంతు చేసిన పని

తలుపు తీసినా ఆయన మాట్లాడడే, అని బాధపడేవాళ్లున్నారు. దానికీ ఒక సంఖ్య ఉంది. అయిదున్నర శ్రుతిలో పాడే గాయనికి ఆధార షడ్జం దగ్గర స్వరతంత్రులు సెకనుకు సుమారు 208 సార్లు కంపిస్తాయి. రెండున్నర గంటల కచేరీలో వయొలిన్ వంతు, మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం, విరామాలు తీసేస్తే గొంతు పలికేది గంటన్నర అనుకుందాం. ఆ గంటన్నర షడ్జం దగ్గరే నిలిచినా 11 లక్షల సార్లు రెండు చిన్న పొరలు ఒకదానికొకటి తగులుతాయి. తారస్థాయికి వెళ్తే ఆ వేగం రెట్టింపు. ఒకటో శ్రుతిలో పాడే పురుషుడికి సెకనుకు 131 దగ్గర మొదలవుతుంది, మంద్రం కాబట్టి సంఖ్య తగ్గుతుందే గానీ అలసట తగ్గదు.

ఇంత పని చేసిన గొంతును కచేరీ కాగానే అరవై మందితో అరవైసార్లు “థాంక్యూ అండీ” అనమనడం, పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చినవాణ్ణి పలకరింపుగా ఇంకో కిలోమీటరు పరుగెత్తమనడమే. తెలిసిన గాయకులు అందుకే నమస్కారం పెట్టి నవ్వుతారు. మృదంగ విద్వాంసుడి విషయంలో గొంతు స్థానంలో వేళ్లు ఉంటాయి. అభిమానం కొద్దీ ఆ చేతిని గట్టిగా పట్టి ఊపేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. మన నమస్కారంలో ఎవరి వేళ్లకూ నొప్పి లేదు.

చెవుల సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం సంగీత వేదికల్లో శబ్దం 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదు. స్పీకర్ల పక్కన రెండు గంటలు నిలబడి వచ్చిన అభిమానికి తన గొంతు తనకు సగమే వినిపిస్తుంది. అందుకే గ్రీన్‌రూమ్‌లో ప్రతి ఒక్కరూ అరుస్తుంటారు, అరుస్తున్నామని మాత్రం ఎవరికీ తెలియదు.

2022 మే 31న కోల్‌కతా నజ్రుల్ మంచ్‌లో పాడిన గాయకుడు కేకేను తలచుకోకుండా ఈ విషయం పూర్తి కాదు. మన తెలుగు సినిమాల్లోనూ ఎన్నో పాటలు పాడిన గొంతు ఆయనది. ఆ రోజు కచేరీ ముగించి హోటల్‌కు చేరాక కుప్పకూలాడు. వయసు 53. వేదిక దిగి ఎవరినీ చూడకుండా కారెక్కిన కళాకారుణ్ణి చూసి “ఎంత పొగరో” అనుకునే ముందు ఈ ఒక్క తేదీ గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

గుమ్మం వెడల్పు

జనం ఒకే దిక్కుగా, తోపులాట లేకుండా నడిస్తే మీటరు వెడల్పున్న దారిలోంచి నిమిషానికి 82 మంది వరకు వెళ్లగలరని బ్రిటన్‌లో క్రీడామైదానాల భద్రత కోసం వాడే మార్గదర్శిక లెక్క కడుతుంది. మెట్లయితే 66. ఇవి ఆదర్శ పరిస్థితుల అంకెలు. వేదిక వెనుక దారి చాలాసార్లు మీటరే ఉంటుంది. అక్కడ వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు, డ్రమ్ములు మోసేవాళ్లు, సెల్ఫీ కోసం ఆగినవాళ్లు అందరూ ఉంటారు. చదరపు మీటరుకు అయిదుగురు దాటితే మన కాళ్లు మన మాట వినవు, గుంపు ఎటు తోస్తే అటు పోతాం.

2023 నవంబర్ 25న కేరళలోని కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో గాయని నిఖితా గాంధీ కచేరీ ఇంకా మొదలే కాలేదు. వాన మొదలవడంతో బయట ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఆడిటోరియం మెట్ల మీదికి వచ్చారు. నలుగురు చనిపోయారు. వాళ్లంతా పాట వినడానికి వచ్చినవాళ్లే. మా ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాల సాయంత్రాలు చూసిన మా ఊరివాళ్లకు జనం బరువేమిటో వేరే చెప్పనక్కర్లేదు. వేదిక వెనక్కి తోసుకువెళ్లేవాడు అభిమాని కాదు, మెట్ల మీద పడబోయే పదిమందిలో మొదటివాడు.

బెజవాడ చిన్న సభ

ఇప్పుడు రెండో జాతి కచేరీకి వద్దాం. హాల్లో 300 మంది. కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి వచ్చేది వాళ్లలో 40 మంది అనుకుందాం. తంబూరా శ్రుతి పెట్టె ఆపి, వయొలిన్ పెట్టెలో పెట్టి, మృదంగానికి గుడ్డ చుట్టి, ఉత్తరీయం సర్దుకునేసరికి ఎటూ 20 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో విద్వాంసులు వేదిక మీదే ఉంటారు. 1,200 సెకన్లు, 40 మంది, తలకు 30 సెకన్లు. 5,900 పెట్టినవాడికి దక్కినదానికి సరిగ్గా రెండింతలు. టికెట్టు చాలాసార్లు సున్నా. పాస్ లేదు, స్టిక్కర్ లేదు. నాలుగు మెట్లెక్కితే చాలు.

మన ప్రాంతంలో సంగీతం పెరిగింది ఈ దూరంలోనే. త్యాగరాజు 1847లో కాలం చేశారు. ఆయన శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. త్యాగరాజును ఒకటిగా లెక్కపెడితే బాలమురళి అయిదో మనిషి. 1930 జూలై 6న పుట్టి, 2016 నవంబర్ 22న వెళ్లిపోయేవరకు ఆయన్ని కలిసి నమస్కారం పెట్టినవాళ్లెవరైనా ఆ గొలుసుకు ఒక్క చెయ్యి దూరంలో నిలబడినట్టే. ఆయన పేరు ముందున్న ‘బాల’ కూడా కచేరీ విన్నవాడి కానుక. చిన్నతనంలో బెజవాడ ఆరాధనోత్సవాల్లో ఆ పిల్లవాడు పాడగా విన్న ఒక హరికథా విద్వాంసుడు ముచ్చటపడి ఆ మాట జోడించారు. శ్రోత కళాకారుడికి పేరే పెట్టేశాడు. ఏ పాస్‌తో ఇంత దగ్గరికి పోగలం?

1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక విద్వాంసులు ఈ ఊళ్లో ఉద్యోగులయ్యారు. బాలమురళి అక్కడ పనిచేశారు, ‘భక్తిరంజని’ ఆ కాలపు పంటే. ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. ఇప్పుడు ఆ కళాశాల ఘంటసాల పేరు మీద ఉంది. విద్వాంసుడు ఊరికి అతిథిగా రావడం వేరు, ఉదయం సైకిల్ మీదో రిక్షాలోనో ఆఫీసుకు వెళ్లడం వేరు. రెండో ఏర్పాటులో గ్రీన్‌రూమ్ అవసరమే రాదు. 2021లో పద్మశ్రీ వచ్చినవాళ్లలో ఇద్దరు, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి, మృదంగ విదుషి నిడుమోలు సుమతి, ఈ బెజవాడ సంగీతంలో పెరిగినవాళ్లే. ఒకే ఏడు, ఒకే ఊరు, రెండు పద్మశ్రీలు. వాళ్లను కలవడానికి ఎవరూ ఆన్‌లైన్‌లో క్యూ కట్టలేదు.

ఘంటసాల కథ ఇంకో దిక్కు నుంచి వస్తుంది. 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకోవాలని వేలి ఉంగరం 8 రూపాయలకు అమ్మి విజయనగరం రైలెక్కాడని ఆయన జీవితకథ రాసినవాళ్లు చెబుతారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి చేరదీశారు. ఒక విద్వాంసుడి గుమ్మం దాకా చేరడానికి ఆ రోజుల్లో అయిన ఖర్చు అది, దక్కింది సెకన్లు కాదు, ఏళ్లు.

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం జీవితంలోనైతే ఇలాంటి కలయికలు రెండు. 1960ల మొదట్లో గూడూరులో జరిగిన పాటల పోటీకి ఎస్. జానకి అతిథిగా వచ్చారు. బాలుకు వచ్చింది రెండో బహుమతి. మొదటిది ఇతనికే రావలసిందని జానకి అన్నారని బాలు జీవితాంతం చెప్పుకున్నారు. తర్వాత మద్రాసు తెలుగువాళ్ల పోటీలో పాడితే విన్నవాళ్లలో సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి ఉన్నారు. పోటీ కాగానే వచ్చి పలకరించారు. ఆ పలకరింపు ఫలితం 1966 డిసెంబర్ 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం రికార్డయిన మొదటి పాట. బాలు తర్వాత కట్టుకున్న రికార్డింగ్ థియేటర్ పేరు కోదండపాణి ఆడియో ల్యాబ్. ఈ రెండుచోట్లా వేదిక వెనక్కి వెళ్లింది అభిమాని కాదని గమనించండి. పెద్దవాళ్లే కుర్రవాడి దగ్గరికి వచ్చారు. చిన్న సభలో మాత్రమే ఇది కుదురుతుంది, ఎందుకంటే అక్కడ పెద్దవాళ్లకు కూడా నడవడానికి దారి ఉంటుంది.

ఇది పాత కాలపు ముచ్చట మాత్రమే కాదు. 2023 డిసెంబర్ 10 నుంచి 12 వరకు, మళ్లీ 2024 డిసెంబర్ 6 నుంచి 8 వరకు కేంద్ర పర్యాటక శాఖ విజయవాడలో ‘కృష్ణవేణి సంగీత నీరాజనం’ జరిపింది. ప్రధాన వేదిక తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం. ప్రవేశం ఉచితం. క్షేత్రయ్య మన మొవ్వవాడే. నాలుగు వేలకు పైగా పదాలు చెప్పాడని ప్రతీతి, మనకు దొరికినవి అందులో పదో వంతు కూడా లేవు. ఆయన కాలంలో అభిమాని అంటే తంజావూరు రాజో, గోల్కొండ పాదుషానో. సింహాసనం దిగి వేదిక వెనక్కి వెళ్లవలసిన పని వాళ్లకు లేకపోయింది. ఆయన పేరున్న హాల్లో ఇప్పుడు ఇబ్రహీంపట్నం నుంచి సిటీబస్సులో వచ్చినవాడు మొదటి వరుసలో కూర్చోవచ్చు. ముందుగా వస్తే చాలు.

ఇంకా దగ్గరి చోటు ఒకటుంది. పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధనల్లో అయిదు ఘనరాగ కీర్తనలు అందరూ కలిసి పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల వరుస అది. తిరువయ్యారులోనే కాదు, మన ఊళ్లలోనూ ఆ గోష్ఠిగానం జరుగుతుంది. పేరున్న విద్వాంసుడు, నిన్నగాక మొన్న గీతాలు మొదలెట్టిన పిల్ల, ఒకే జంపఖానా మీద కూర్చుంటారు. గంటసేపు మీ అభిమాన గాయకుడి పక్కన కూర్చుని అదే సాహిత్యం, అదే శ్రుతిలో పాడవచ్చు. 3,600 సెకన్లు. పైన వేసిన రేటు ప్రకారం దాని ఖరీదు 14 లక్షల రూపాయలు దాటుతుంది. ఇక్కడ ప్రవేశ అర్హత ఒక్కటే: అయిదు కీర్తనల సాహిత్యం వచ్చి ఉండాలి, కనీసం పుస్తకం చూసి అందుకోగలగాలి.

సన్మానం తినేసే నిమిషాలు

చిన్న సభలను ఇంత పొగిడాక వాటి పెద్ద లోపం చెప్పకపోతే అన్యాయం. కచేరీ మధ్యలోనో చివరనో సన్మానం ఉంటుంది. వేదిక మీదికి ఆరుగురు పెద్దలు వస్తారు. ఒక్కొక్కరు నాలుగు నిమిషాలే మాట్లాడతామని మాట ఇస్తారు. ఆ మాట నిలబెట్టుకున్నా 24 నిమిషాలు. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోల కోసం మళ్లీ మళ్లీ దండ వేయడం, అవన్నీ అదనం. నలభై మంది శ్రోతలకు చెందాల్సిన 20 నిమిషాలు అక్కడే ఖర్చయిపోయాయి. ఇక మంగళం పాడేసరికి హాల్లో సగం కుర్చీలు ఖాళీ, విద్వాంసుడికి రైలు వేళ దగ్గర పడింది, ఊరి బయటి నుంచి వచ్చినవాడు చివరి బస్సు కోసం పరుగు తీస్తున్నాడు. సెకన్లను డబ్బుకు అమ్మినవాణ్ణి తిడతాం గానీ, మైకు దొరికిందని ఉచితంగా తినేసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

ఆ ముప్పై సెకన్లలో

దొరికిన ముప్పై సెకన్లూ ఎలా వాడుకోవాలి? ఫోన్ కెమెరా ముందే తెరిచి పక్కవాళ్ల చేతిలో పెట్టేస్తే ఏడెనిమిది సెకన్లు మిగులుతాయి. “మీ పాటలంటే ప్రాణమండీ” అనే మాట ఆయన ఆ రోజు అప్పటికే ముప్పైసార్లు విన్నారు. “ఆ కల్యాణి ఆలాపనలో నిషాదం మీద అంతసేపు ఆగారేమండీ?” అని అడగండి, బూట్లు వేసుకుంటున్న మనిషి కూడా ఆగి తల ఎత్తుతాడు. రాగం పేరు తెలియకపోతే సిగ్గేం లేదు, “రెండో పాట రాగం ఏమిటండీ” అని అడిగినా అది నిజమైన ప్రశ్నే. సంగీతకారులకు పొగడ్త కన్నా తమ పని మీద ప్రశ్న ఎక్కువ ఇష్టమని నా గట్టి అభిప్రాయం. పక్క వాద్యకారులను కూడా పలకరించాలి. వయొలిన్, మృదంగం, ఘటం వాయించినవాళ్ల దగ్గర వరుస ఉండదు, మీకు మూడు నిమిషాలైనా ఇస్తారు. రెండున్నర గంటలు ప్రధాన గాయకుణ్ణి అడుగు దూరంలో నుంచి విన్నది వాళ్లే.

కచేరీకి ముందు మాత్రం వెళ్లకూడదు. శ్రుతి చూసుకునేవాణ్ణి, మనసులో కీర్తనల వరుస సర్దుకునేవాణ్ణి ఆ అరగంట వదిలెయ్యాలి. పిల్లల చేత పాడించి చూపించడం కూడా అప్పుడు కాదు. చేతికి పండో, పువ్వో ఇవ్వవచ్చు గానీ, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా ఇస్తే ప్రయాణంలో ఉన్న గాయకుడికి దాన్ని ఏం చేయాలో తోచదు.

డబ్బు కట్టి కలిసే టికెట్లు కొనదలిస్తే నిర్వాహకులు ప్రకటించిన చోటే కొనండి. “గ్రీన్‌రూమ్ పాస్ ఇప్పిస్తాం, ఫోన్‌పే చేయండి” అని వచ్చే సందేశాలు నమ్మవద్దు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటా ఉన్న నంబర్ అది. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఇలాంటి మోసానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. ఇక కలవలేకపోయినవాళ్లకు పోస్ట్‌కార్డు ఉంది. ధర 50 పైసలు. ఏ ఊళ్లో ఏ కచేరీలో ఏ పాట నచ్చిందో నాలుగు వరుసలు రాసి, సభ నిర్వాహకుల చిరునామాకు పంపితే వాళ్లు అందజేస్తారు. అందులో ఎన్ని సెకన్ల మాటలైనా పడతాయి, చదివేవాడు తనకు తీరిక ఉన్నప్పుడే చదువుతాడు.

బెజవాడలో, చుట్టుపక్కల సభలు నడిపేవాళ్లకు ఒక విన్నపం. ఆహ్వానపత్రంలో సన్మానకర్తల పేర్లకు మీరు ఏడెనిమిది వరుసలు ఇస్తున్నారు. ఇంకొక్క వరుస కలపండి: “కచేరీ అనంతరం 20 నిమిషాలు శ్రోతలతో.” కళాకారుణ్ణి ముందే అడిగి, ఆయన సరేనంటేనే వేయండి. వేదికకు ఒక పక్క ఎక్కే మెట్లు, ఇంకో పక్క దిగే మెట్లు పెట్టండి. ఆ ఇరవై నిమిషాలూ కచేరీ కాగానే ఇచ్చి, సన్మానం తర్వాత పెట్టుకోండి. పెద్దలకు కార్లున్నాయి. ఇబ్రహీంపట్నం వెళ్లాల్సినవాళ్లకు చివరి బస్సు దాటిపోతుంది.